గెడ్డ దాటాక దారి

పోయిన వారం పోస్టులో ఒక కరపత్రం వచ్చింది. జైళ్ళలో ధ్యానం నేర్పే మా సంస్థ ఏటా అచ్చు వేసేదే. పైపేజీ మీద ఒక మనిషి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నెరిసిన గడ్డం, పైకి తేలిన బుగ్గ ఎముకలు, మోకాళ్ళ మీద ఆనించిన చేతులు. బొమ్మ కింద 'ప్రశాంతత మీలోనే ఉంది' అని పెద్ద అక్షరాలు.

ఆ మనిషి చనిపోయి ఐదు నెలలు దాటింది. సంస్థవాళ్ళకు ఆ సంగతి తెలియదు. నేనే చెప్పలేదు. ఇప్పుడు ఎవరికైనా చెప్పాలనిపిస్తోంది, కాని వాళ్ళకు కాదు.

అతని పేరు మాత్రం రాయను. దాచాలని కాదు. జైల్లో పేరు పెట్టి గట్టిగా పిలిచారంటే కోర్టు పనో, ఇంటి దగ్గర నుంచి చెడ్డ కబురో అయి ఉంటుందని అతని నమ్మకం. "పేరెట్టి పిలవకండమ్మా, గుండె జారిపోతాది" అని మొదటిరోజే అడిగాడు. హాజరు వేసేటప్పుడు అతని వంతు వచ్చేసరికి నేను తలెత్తి చూసేదాన్ని. అతను చెయ్యెత్తేవాడు. అలా మా మధ్య ఆ పేరు ఎప్పుడూ పలకలేదు. ఇప్పుడు రాస్తే బాగుండదు.

నేను నర్సీపట్నంలో హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన పోయాక నెలల తరబడి నిద్రపట్టక, తెలిసినవాళ్ళు చెబితే, శ్వాస మీద ధ్యాస నిలిపే పద్ధతి నేర్చుకున్నాను. నాకు మేలు చేసింది. ఆ మాట అబద్ధం కాదు. నాకు మేలు చేసింది కాబట్టి ఎవరికైనా చేస్తుందనుకున్నాను. ప్రతి గురువారం పొద్దున్నే ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కి, నగరంలో ఉన్న పెద్ద జైలుకి వెళ్ళేదాన్ని. ఆరు నెలల్లో విడుదల కాబోయేవాళ్ళకు గంటన్నర క్లాసు. బయటికి వెళ్ళే ముందు మనసును సిద్ధం చేయడం మా పని.

మొదటి క్లాసులో పదిహేడు మంది చాపల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అతనొక్కడే గోడ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నాక చూస్తే అతని కళ్ళు తెరిచే ఉన్నాయి. చూపు ఒకచోట నిలవకుండా తలుపు నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకి తిరుగుతోంది.

"కళ్ళు మూసుకోండి" అన్నాను.

అతను వెనక్కి తిరిగి చూసి, వెనక గోడ తప్ప ఇంకేమీ లేదని తేలాక, "నన్నేనా అమ్మా? అండీ అంటే ఇంకెవులో అనుకున్నాను" అన్నాడు.

సంస్థ నియమం ప్రకారం ఖైదీలందరినీ మీరు అనే పిలవాలి. ఆ రోజు నుంచి అతన్ని మాత్రం నువ్వు అన్నాను. అతనికి అదే సుఖంగా ఉండేది.

"సరే, కళ్ళు మూసుకో."

"అందరం మూసుకుంటే ఎవులు సూస్తారమ్మా?"

"ఎవరు చూడాలి? ఇక్కడ భయమేముంది?"

"భయం కాదమ్మా. అడివిలో నలుగురు పడుకుంటే ఒకడు మెలకువగా ఉంటాడు. అలాగ."

మిగతావాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. నేను కూడా పట్టుబట్టలేదు. చాలా వారాలు మా క్లాసు అలాగే సాగింది. పదిహేడు మంది కళ్ళు మూసుకునేవారు, అతను చూస్తూ ఉండేవాడు. నిజం చెప్పాలంటే, ఆ గదిలో నేను కూడా నిశ్చింతగా కళ్ళు మూసుకున్నది అతను ఉండబట్టే.

అతనిది కృష్ణదేవిపేట దాటి, ఘాటీ ఎక్కే దారిలో ఎక్కడో పైనున్న ఊరు. ఎనిమిదిళ్ళో తొమ్మిదిళ్ళో. యాభై దాటి ఉంటాయి, తనకే సరిగ్గా తెలియదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఒకసారి వాసన చూసేవాడు, అది ఏ రోజూ తప్పేది కాదు. రోజూ పొద్దున్నే అరచెయ్యి గోడకు ఆనించి కాసేపు నిలబడేవాడు. చెమ్మ తగిలితే వాన వస్తుందని చెప్పేవాడు. "గోడ సెప్తాదమ్మా, మనం అడగాల" అనేవాడు. వార్డర్లు బట్టలు ఆరేసే ముందు అతన్ని అడగడం నేను చాలాసార్లు చూశాను.

కేసు గంజాయిది. పదేళ్ళ శిక్ష. క్లాసులో చాలామంది తాము ఏ పాపం ఎరగమని చెప్పేవారు, కొందరి విషయంలో అది నిజమే కూడా కావచ్చు. అతను అలా చెప్పలేదు.

"మూట మోసినానమ్మా. కొండ మీద నుంచి రోడ్డు దాకా. ఒక్కపాలే."

"లోపల ఏముందో తెలియదా?"

"తెలీదని సెప్పమన్నాడు లాయరు. తెలుసమ్మా. వాసన ఎక్కడికి పోతాది?"

మూట ఎవరిదని అడిగితే, తెల్లబూట్లు వేసుకున్న మనిషిదన్నాడు. అతన్ని ఒక్కసారే చూశాడట. రోడ్డు మీద పట్టుబడిన రోజు ఆ తెల్లబూట్లు అక్కడ లేవు. ఈ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో కోపం కోసం వెతికాను. కనపడలేదు. చాలాకాలం క్రితం ఆరిపోయిన పొయ్యి గురించి చెప్పినట్టు చెప్పాడు.

భార్య మొదటి ఏడాది రెండుసార్లు ములాకత్‌కి వచ్చిందట, అతని తమ్ముణ్ణి తోడు తీసుకుని. తర్వాత రాలేదు. దానికి అతను చెప్పిన కారణం, "దానికి బస్సు పడదమ్మా. ఘాటీ దిగేలోపు నాలుగుపాల్లు కక్కుతాది. ఒద్దని నానే సెప్పినాను." నా దగ్గరున్న ఫారంలో కుటుంబం అన్న గడి ఉంది. అందులో 'భార్య ఉంది' అని రాసుకున్నాను. అతను చెప్పింది రాశాను. ఉందో లేదో ఎవరినీ అడగలేదు. ఒక్క ఉత్తరం ముక్క రాసి ఆ ఊరి వైపు వెళ్ళే ఆటోవాళ్ళ చేతిలో పెట్టినా తెలిసేది. నాకు ఆ ఆలోచనే రాలేదు.

అతని నడక సంగతి పెద్ద వార్డరు చెప్పాడు. ఆయన కూడా రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. "మేడంగారూ, మీ కొండాయన్ని ఓపాలి సాయంత్రం పూట సూడండి. పదేళ్ళ నుంచీ అదే పని" అన్నాడు. ఆ రోజు క్లాసు అయ్యాక ఆగాను. మైదానంలో గోడవార అతను నడుస్తున్నాడు. వ్యాయామంలా లేదు. ఒకచోట వంగుతున్నాడు, ఒకచోట పక్కకు జరిగి మళ్ళీ దారిలో పడుతున్నాడు, ఒకచోట చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పది అడుగులు వేసి మళ్ళీ తొడుక్కుంటున్నాడు.

దగ్గరకు వెళ్ళి ఏమిటని అడిగాను. మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత, "రండమ్మా, సూపిస్తాను" అని మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. నేను పక్కన నడిచాను.

"ఇది రోడ్డు. ఆటో ఇక్కడ దింపుతాది. ఇది ఇప్పచెట్టు. ఇది దిబ్బ, జాగరత్త, రాళ్ళున్నాయి. ఇది గెడ్డ."

కొండవాగును మా వైపు గెడ్డ అంటారు. అతను చెప్పులు విప్పాడు. నేను కూడా విప్పాను. కాలే నేల మీద ఇద్దరం ఆ నీళ్ళు దాటాం.

"ఇప్పుడు ఎడంపక్కకి. కుడిపక్క దారి బాగుంటాది గాని అది మా ఊరికి పోదు. ఇది పనసచెట్టు, ఎవులదీ కాదు, కోసినోల్దే. ఇక్కడ ఏటీ నేదు, ఊరికే ఎండ. ఇది పెద్దరాయి. దీని మీద మూట దించుకుంటాం. ఇక్కడినుంచి కుక్కలు అరుస్తాయి. ఇది మా తమ్ముడి పాక. ఇది మా ఇల్లు."

అక్కడ ఆగిపోయాడు. ఎదురుగా జైలు గోడ, సున్నం పెచ్చులూడి ఉంది.

"లోపలికి వెళ్ళవా?"

"ఎల్లనమ్మా. లోపల మా ఇంటిది ఉంటాది. సూస్తే ఏడుస్తాది. గుమ్మం దాకా వచ్చి తిరిగెల్లిపోతాను."

పదేళ్ళు, రోజూ. జ్వరం వచ్చిన రోజుల్లో కూడా పక్క మీద పడుకుని వేళ్ళతో నడిచేవాడినని చెప్పాడు.

ఇక్కడ నేను ఆగిపోయి ఉండాల్సింది. ఆ నడకకు దండం పెట్టి ఇంటికి వచ్చేసి ఉండాల్సింది. కాని మా శిక్షణ పుస్తకంలో విడుదలకు మూడు నెలల ముందు చెప్పాల్సిన పాఠం ఒకటుంది: గతాన్ని వదలడం, ఊహల్లో బతకడం మానడం, ఈ క్షణంలో నిలవడం. నాకు అతని నడక ఆ పాఠానికి సరిపోయిన ఉదాహరణలా కనిపించింది. పాతికేళ్ళు పాఠం చెప్పినదాన్ని. ఉదాహరణ దొరికితే వదలను.

మరుసటి గురువారం అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. "ఆ దారి ఇప్పుడు నీ ముందు లేదు. నీ తలలో ఉంది. నీ ముందున్నది ఈ గోడ, ఈ ఎండ, నీ పాదం. నడువు, కాని ఇక్కడ నడువు. మడమ నేలకి ఆనడం చూడు, వేళ్ళు లేవడం చూడు. ఇక్కడే ఉండు."

"ఇక్కడేటుందమ్మా ఉండడానికి?"

"ఊపిరి ఉంది."

అతను పెద్దవాళ్ళు చెప్పిన మాటను కాదనే అలవాటు లేని మనిషి. "ఆ దారి పట్టుకుని ఉంటే ఏటి నష్టం?" అని ఒక్కమాట అడిగాడు. నేను పుస్తకంలో ఉన్న జవాబే చెప్పాను. మనసులో కట్టుకున్నది బయట అలాగే ఉండదు, అప్పుడు దెబ్బ తగులుతుంది, ముందే వదిలేస్తే నొప్పి ఉండదు అన్నాను. ఇప్పుడు కూడా ఆ జవాబు తప్పని రుజువు చేయలేను. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

రెండు వారాల తర్వాత వచ్చి, "మానీసినానమ్మా" అన్నాడు.

నిజంగానే మానేశాడు. మైదానంలో ఇప్పుడు నెమ్మదిగా, తిన్నగా, మడమా వేళ్ళూ చూసుకుంటూ నడుస్తున్నాడు. ఎక్కడా వంగడం లేదు, చెప్పులు విప్పడం లేదు. క్లాసులో కూడా కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టాడు. బాసింపట్టు నేర్చుకున్నాడు. సంస్థ నుంచి ఫోటోలు తీసే అతను వచ్చినప్పుడు గదంతా చూసి నేరుగా అతని దగ్గరకే వెళ్ళాడు. ఆ రోజు నేను పొంగిపోయాను. బస్సులో తిరిగి వస్తూ, నా జీవితంలో ఒక మనిషికి నిజంగా ఏదైనా నేర్పానంటే ఇదే అనుకున్నాను.

విడుదలకు రెండు రోజుల ముందు అతను నన్ను ఒక కోరిక అడిగాడు. క్లాసు అయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా ఉండి, చాపలు చుడుతూ, నా ముఖం చూడకుండా అడిగాడు.

"శనివారం ఒగ్గేస్తారంట అమ్మా. మీ ఊర్లో పడుకుని ఆదివారం ఎల్దామనుకుంటన్నాను. ఆ పూట మావోలంతా ఇంటికాడుంటారు. మీరోపాలి నాతో వస్తారా?"

"నేనెందుకు?"

"పంతులమ్మగారు తోడొచ్చిందంటే ఒకలాగ సూస్తారు. నానొక్కన్నే ఎల్తే ఇంకోలాగ సూస్తారు. మీరేటీ మాటాడక్కర్లేదు. ఊరికే పక్కన నిలబడితే సాలు."

ఆదివారం నగరంలో మా సంస్థ వార్షిక సమావేశం. నాకు పది నిమిషాలు ఇచ్చారు. దేని గురించి మాట్లాడబోతున్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. అతని గురించే. వాళ్ళు అడిగితే నేనే ఒప్పుకున్నాను.

"ఈ ఆదివారం కుదరదు. తర్వాతి వారం వస్తాను, అప్పటిదాకా ఉండగలవా?" అన్నాను.

అతను చుట్టిన చాపను గోడకు ఆనించాడు. "పదేళ్ళు ఉన్నాను కదమ్మా" అన్నాడు. ఉంటానన్నాడో, ఇక ఉండలేనన్నాడో ఆ మాటలో తేలలేదు. నేను రెండో అర్థం వినలేదు. ఒకవేళ ముందే వెళ్ళాలనిపిస్తే భయపడొద్దని చెప్పాను. "భయం వచ్చినప్పుడు ఊపిరి చూడు. నీకిప్పుడు అది వచ్చు."

"సూస్తానమ్మా" అన్నాడు.

ఆదివారం నేను మాట్లాడాను. పదేళ్ళు తలలోని దారిలో నడిచిన ఒక కొండమనిషి మన శిక్షణతో తన పాదాల దగ్గరకు ఎలా వచ్చాడో చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. నేను ఆ మాటలు చెబుతున్న వేళకు అతను ఎక్కడున్నాడో బుధవారం తెలిసింది.

బుధవారం మధ్యాహ్నం మా ఇంటి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో జైలువాళ్ళిచ్చిన సంచి అలాగే ఉంది. వరండాలో కూర్చోబెట్టి అన్నం పెట్టాను. ముద్దను వాసన చూడకుండా తిన్నాడు. అది గమనించాను, గాని ఆకలి మీద ఉన్నాడనుకున్నాను.

"వెళ్ళొచ్చావా?"

"ఎల్లినానమ్మా. దారి మరిసిపోనాను."

నాకు అర్థం కాలేదు.

"రోడ్డు కొత్తగా ఏసినారు. ఆటో ఎక్కడో దింపినాది. ఎలాగో గెడ్డ దాకా ఎల్లినాను. గెడ్డ దాటినాక ఎటెల్లాలో తెలీనేదు. అక్కడే కూకున్నాను. మేకలు కాసుకుంటన్న ఒక పిల్లని అడిగినాను. 'ఏ ఊరు తాతా నీది' అన్నాది." కంచం పక్కకు జరిపి, "ఆ పిల్ల మా తమ్ముడి కూతురే. నాను ఎల్లిపోయినాక పుట్టిందంట" అన్నాడు.

ఆ పిల్లే అతన్ని ఊరికి తీసుకెళ్ళింది. భార్య చనిపోయి ఆరేళ్ళయిందట. జ్వరం. కబురంపామని తమ్ముడు చెప్పాడు. సంతకొచ్చిన ఎవరితోనో చెప్పి పంపారు, ఆ ఎవరో ఇంకెవరికో చెప్పారు, అది కొండ దిగి జైలు దాకా రాలేదు. ఇంట్లో ఇప్పుడు తమ్ముడి కుటుంబం ఉంది. వాళ్ళు అతన్ని తిట్టలేదు. ఆకులో అన్నం పెట్టారు, బయట అరుగు మీద. అతని కేసు తర్వాత పోలీసులు రెండుసార్లు ఊరంతా సోదా చేశారట. ఇద్దరు మగవాళ్ళను తీసుకెళ్ళి వారాల తర్వాత వదిలారట. ఆ భయం ఊళ్ళో ఇంకా ఉంది. నువ్వుంటే మళ్ళీ వస్తారేమోనని ఒక ముసలాయన అన్నాడట. ఎవరూ వెళ్ళమనలేదు, ఎవరూ ఉండమనలేదు. రెండు రోజులు అరుగు మీద కూర్చుని లేచి వచ్చేశాడు.

అప్పుడు నేను అడగకూడని ప్రశ్న అడిగాను. "ఊపిరి చూశావా?"

"సూసినానమ్మా" అన్నాడు, నన్ను ఊరడిస్తున్నట్టు. "అది బాగానే ఉన్నాది. ఊపిరికేటి, అది వస్తాది, పోతాది."

తర్వాత చెయ్యి కడుక్కుంటూ, నాతో కాక నీళ్ళతో చెబుతున్నట్టు అన్నాడు. "ఆరేళ్ళ కింద పోనాదంట. నాకు తెలీదు కదా. నాను నడిసినన్నాళ్ళూ లోపలే ఉన్నాది. ఈ మూడు నెల్లూ నడవనేదు."

అతను నన్ను తప్పు పట్టలేదు. ఆ తర్వాత బతికిన ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

నర్సీపట్నం శివార్లలో జీడిపిక్కలు కాల్చే షెడ్డులో పని దొరికింది. నేనే మాట్లాడి పెట్టించాను. పిక్కల నుంచి కారే జీడి రసం అంటుకుని అరచేతులు పొక్కి, తోలు ఊడిపోయింది. ఒకరోజు వాన వస్తుందా అని సరదాగా అడిగాను. మా ప్రహరీ మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడి, "తెలీట్లేదమ్మా" అన్నాడు. చేతుల వల్లేనో, ఇంకేదైనానో.

అప్పుడే నాకు ఒక ఆలోచన వచ్చింది. అతని నడక నాకు గుర్తుంది. ఒక్కసారి నడిచాను, గాని పాఠం వల్లె వేసిన బుర్ర కదా, వరస తప్పకుండా ఉంది. ఒక సాయంత్రం మా పెరట్లో నిలబెట్టి, "ఇది రోడ్డు అనుకో. తర్వాత ఇప్పచెట్టు, తర్వాత దిబ్బ. గెడ్డ దాటి ఎడంపక్కకి. పనసచెట్టు, ఎవరిదీ కాదు" అని చెప్పుకుంటూ నడిచాను. అతను మర్యాద కోసం నా వెనకే నడిచాడు. బావి గట్టు దగ్గర, పెద్దరాయి అన్నచోట, ఆగి నన్ను చూశాడు.

"బాగున్నాదమ్మా ఆ ఊరు" అన్నాడు.

వేళాకోళం కాదు. ఎవరిదో ఊరి సంగతి విన్నట్టు విన్నాడు. ఇక చాలని ఇంట్లోకి వచ్చేశాను. అతను వెళ్ళేదాకా వంటింట్లోనే ఉండిపోయాను.

కొన్నాళ్ళకు గురువారాలు కాంప్లెక్సు దగ్గర కనపడడం మొదలుపెట్టాడు. ఉతికిన చొక్కా వేసుకుని, నాకంటే ముందే వచ్చి బస్సులో సీటు ఆపేవాడు. ఎక్కడికని అడిగితే, "నానూ వస్తానమ్మా క్లాసుకి" అన్నాడు. రానివ్వరని చెప్పాను. అయినా వచ్చాడు. గేటు దగ్గర పెద్ద వార్డరు అతన్ని చూసి నవ్వాడు.

"నీ శిక్ష అయిపోనాది కదయ్యా. ఇంకా ఎందుకొచ్చినావు?"

"అందులో నాకు తెలిసినోలున్నారు బాబూ" అన్నాడు. "బయట ఎవులూ నేరు."

వార్డరు నవ్వు ఆపేసి నా వైపు చూశాడు. నేను సంచిలో ఏదో వెతుకుతున్నట్టు నటించాను. క్లాసు అయ్యేదాకా అతను రోడ్డుకి అవతల టీ కొట్టు పక్కన గొంతుక్కూర్చుని, గోడ వైపు చూస్తూ ఉండేవాడు. లోపల నేను కొత్తవాళ్ళకు ఊపిరి చూడడం నేర్పుతూ ఉండేదాన్ని. పాఠం మార్చలేదు. ఒక్క నడక పాఠం మాత్రం దాటేసేదాన్ని, ఎవరూ అడగలేదు.

ఇలా ఒక ఏడాది గడిచింది. తర్వాత దగ్గు పట్టుకుంది. షెడ్డు పొగ అన్నారు, జీడి అన్నారు. ప్రభుత్వాసుపత్రిలో చేర్పించేసరికి ఊపిరితిత్తుల నిండా నీరుందని డాక్టరు చెప్పాడు. నాలుగు రోజులు ఉన్నాడు. ఆ నాలుగు రోజులూ నేను పక్కన కూర్చున్నాను, అతని ముందు ఊపిరి మాట ఎత్తలేదు. మూడోరోజు, "మీకు బస్సు టైమైపోతాదమ్మా, ఎల్లండి" అన్నాడు. ఆ రోజు గురువారం కాదు. నాలుగోరోజు పొద్దున నేను కాఫీ పట్టుకుని వచ్చేసరికి మంచం ఖాళీ చేసి దుప్పటి మారుస్తున్నారు.

కృష్ణదేవిపేట ఆటోవాళ్ళతో తమ్ముడికి కబురు పంపాను. ఈసారి కబురు చేరింది, కాని అతను కొండ దిగేసరికి రెండు రోజులైంది. అంత్యక్రియలు మున్సిపాలిటీవాళ్ళ సాయంతో అప్పటికే అయిపోయాయి.

తమ్ముడు అన్నలాగే ఉన్నాడు. అవే బుగ్గ ఎముకలు. వరండాలో కుర్చీ చూపిస్తే కూర్చోకుండా మెట్టు మీద కూర్చున్నాడు. టీ ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అన్న ఎక్కడ పని చేశాడో, ఏం తిన్నాడో, ఎవరు చూసుకున్నారో ఒక్కొక్కటే అడిగాడు. చెప్పాను. చెబుతూ చెబుతూ, ఎందుకో, వాళ్ళన్న నన్ను తోడు రమ్మన్న సంగతి కూడా చెప్పేశాను.

తమ్ముడు తలెత్తాడు.

"మిమ్మల్ని రమ్మన్నాడా అమ్మా?"

"అవును. విడుదలైన మర్నాడు."

అతను గ్లాసు కింద పెట్టాడు. "మీరొచ్చుంటే ఉంచీవోలం" అన్నాడు. నిందలా కాదు, లెక్క సరిచూసినట్టు కూడా కాదు, ఉన్నమాట చెప్పినట్టు అన్నాడు. "ఊరోలు భయపడినారమ్మా. నానొక్కన్నే ఏటి సెప్పగలను? మీలాటోలు ఒకలొచ్చి, ఈ మనిసికి నాను పూచీ అని ఒక్కమాటంటే, ఊరు కాదనదు. అలాగే జైలు నుంచి నలుగురైదుగురు వచ్చి ఉంటన్నారు మా సుట్టుపక్కల ఊర్లల్లో. తోడొచ్చినోలు ఉన్నారు ఆలకి."

రోడ్డు మీద ఏదో లారీ వెళ్ళిపోయింది.

"ఆ రోజు మీకేటి పని పడినాదమ్మా?" అని అడిగాడు. తెలుసుకోవాలని అడిగాడంతే.

జవాబు నోటి దాకా వచ్చింది. సమావేశం, పది నిమిషాలు, చప్పట్లు.

"ఒంట్లో బాగాలేదు" అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. లేచి, తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకున్నాడు. మెట్లు దిగబోతూ ఆగి, ఇంటి పెద్దను అడిగినట్టు అడిగాడు.

"ఇప్పుడు బాగున్నాదా అమ్మా?"